మైనం పట్టించిన కోటు

అంబులెన్సుల కంట్రోల్ రూములో ఆమెను గడియారం అని పిలిచేవాళ్లు. ఎదురుగా కాదు, వెనకాల. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ, కిటికీ పక్కన అదే బల్ల. అవతల ఎవరు ఏడ్చినా, ఎవరు గొంతు చించుకున్నా ఆమె గొంతు ఒక్క మెట్టు పైకి పోయేది కాదు, కిందికి దిగేది కాదు. "చిరునామా చెప్పండి. మనిషి ఊపిరి తీసుకుంటున్నారా? ఫోన్ పెట్టేయకండి, నేను లైన్లోనే ఉన్నాను." ఈ మాటలు ఆమె నోట రోజుకు అరవై సార్లయినా వచ్చేవి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను ఆమె పక్కన కూర్చోబెట్టి, ముందు ఆ గొంతు వినండి అనేవాళ్లు.

ఏడు నెలల కిందట, ఉదయం పదిన్నర ప్రాంతంలో, ఆమె హెడ్‌సెట్‌లోకి వచ్చిన గొంతు సొంత అక్కది.

"మా అమ్మ స్నానాల గదిలో పడిపోయింది, లేవడం లేదు" అంది అక్క ఆయాసపడుతూ. ఫోన్ ఎవరు ఎత్తారో ఆ క్షణానికి అక్కకు తెలియదు.

"చిరునామా చెప్పండి."

"చిన్నీ, నువ్వా? నేనే. అక్కని."

"చిరునామా చెప్పండి. ఆవిడ ఊపిరి తీసుకుంటున్నారా?"

అక్క చెప్పింది. వాళ్లిద్దరూ పుట్టి పెరిగిన ఇంటి నంబరు ఒక్కో అంకె విడదీసి చెప్పింది. ఆమె టైపు చేసింది. ఛాతీ మీద చేతులు ఎక్కడ పెట్టాలో, ఎంత లోతుకు నొక్కాలో చెప్పింది. పైకి వినపడేలా లెక్కపెట్టమంది. "బాగా చేస్తున్నారు. ఆపకండి" అంది. బండి ఎనిమిది నిమిషాల్లో గుమ్మం ముందు ఆగింది. ఆ వీధికి అంత తొందరగా ఏ బండీ ఎన్నడూ వెళ్లలేదు. అమ్మ మాత్రం ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు.

ఆ తర్వాత ఆమె మరో రెండు కాల్స్ తీసుకుంది. ఒకటి మెట్ల మీద కాలు జారినవాళ్లది, ఇంకొకటి పొరపాటున చేసినది. అవి ముగించి, హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలించి, సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, "మా అమ్మ పోయినట్టుంది. నేను వెళ్లాలి" అని చెప్పింది. సూపర్‌వైజరు ఆమె ముఖంలోకి గుడ్లప్పగించి చూశాడు.

ఆమెకు ఏడుపు రాలేదు. ఆ రోజు పనుల హడావిడి కదా, రేపు వస్తుందనుకుంది. మర్నాడు రాలేదు. వారం తర్వాత వస్తుందేమోనని ఒక సాయంత్రం తలుపు గడియ పెట్టుకుని, మంచం మీద కూర్చుని ఎదురుచూసింది కూడా. ఎవరో చుట్టం రైలు దిగి వస్తానని రాకపోతే స్టేషనులో కూర్చున్నట్టు కూర్చుని, కాసేపటికి లేచి బట్టలు మడత పెట్టుకుంది. ఆకలి తెలిసేది కాదు, టైముకు తినేది. నిద్రా అంతే. ఏదీ బాధగా లేదు. అదే ఆమెకు అర్థం కానిది.

అక్కకు మాత్రం అన్నీ తెలిసేవి. ఆ రోజు నుంచి అక్క ఆమెను 'మీరు' అనడం మొదలుపెట్టింది. "మీరు తింటారా?" "మీరు ఎప్పుడు వెళ్తారు?" మొదట్లో విన్నవాళ్లు వేళాకోళం అనుకున్నారు. అక్క ముఖం చూశాక ఎవరూ నవ్వలేదు. ఆమె ఆ పిలుపుకు ఉలకలేదు, పలకలేదు. మీరు అన్నా నువ్వు అన్నా ఆమెకు ఒకేలా వినిపించేవి.

ఆరో నెలలో ఒక పెద్దాయన కంట్రోల్ రూముకు ఫోన్ చేశాడు. మీ దయవల్ల మా మనవరాలు బతికిందమ్మా, ఆ మాట చెబుదామనే చేశాను అన్నాడు. ఆమె, "చిరునామా చెప్పండి. మనిషి ఊపిరి తీసుకుంటున్నారా?" అంది. పెద్దాయన బిత్తరపోయి ఫోన్ పెట్టేశాడు. సూపర్‌వైజరు ఆ రికార్డింగు ఆమెకు వినిపించాడు. ఆమె చివరిదాకా విని, "ఇందులో తప్పేముంది?" అని అడిగింది. డాక్టరు మూడు నెలల సెలవు రాశాడు.

*

బావ రంపపు మిల్లులో మేస్త్రీ. వారమంతా దుంగల మధ్య గడిపిన మనిషి సెలవు దొరికితే మళ్లీ చెట్ల మధ్యకే పోతాడు. నలుగురైదుగురిని వెంటబెట్టుకుని అడవిలో మకాం వేయడం, టార్పాలిన్ కట్టడం, తడి కట్టెలతో నిప్పు రాజేయడం, కత్తితో గరిటె చెక్కడం నేర్పుతాడు. మాటల మనిషి కాదు. మరదలి సంగతి విని ఒకరోజు ఫోన్ చేశాడు.

"వచ్చే గురువారం నాలుగు రోజులు అడవికి వెళ్తున్నాం. నువ్వూ రా."

"సరే బావా."

"ఎందుకని అడగవా?"

"ఎందుకు?"

"ఊరికే. ఇంట్లో కూర్చునేదేదో అక్కడే కూర్చో. కాకపోతే వాన పడుతుంది. మంచి జాకెట్ కొనుక్కో. మైనం పట్టించిన నూలు బట్టది. నిప్పు దగ్గర ప్లాస్టిక్ బట్టలు పనికిరావు. మీ అక్కను తీసుకెళ్లు, బట్ట సంగతి ఆవిడకు తెలిసినంత మనకెవరికీ తెలీదు."

అక్క ఇంటి ముందు గదిలో నాలుగు కుట్టుమిషన్లున్నాయి. మూడు బడుల పిల్లలకు యూనిఫారాలు అక్కడే కుడతారు. బట్ట అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, అది ఎన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పగలదు. బావ మాట విని మిషను ఆపకుండానే, "జాకెట్టా? నేను కుట్టలేననా?" అంది.

"ఆ జాకెట్టు కాదే తల్లీ. కోటు" అన్నాడు బావ.

"ఆవిడకు నేనెందుకు? ఆవిడ చూసుకోలేదా?"

"చూసుకోలేదు" అన్నాడు బావ. అక్క దారం తెంపి లేచింది.

*

ఆ కొట్టు గూడ్సు రైళ్ల యార్డు వెనక సందులో ఉంది. లోపల బూట్లు, తాళ్లు, గుడారాలు, గొడుగులు. ఒక గోడ పొడవునా కోట్లు. గది నిండా మైనం వాసన, కొవ్వొత్తి ఆర్పినప్పటిలా. కొట్టాయనకు అరవై దాటి ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు పడవలకు తెరచాపలు కుట్టాడట. చేతివేళ్లు పొట్టిగా, నున్నగా, మైనం పట్టి మెరుస్తున్నాయి.

"ఎవరికమ్మా?"

"ఈవిడకు" అంది అక్క.

కొట్టాయన మూడు కోట్లు తీసి బల్ల మీద పరిచాడు. మొదటిది పలచటి వానకోటు, ముట్టుకుంటే గరగరలాడింది. "ఇది తేలిక. తడవదు, తొందరగా ఆరుతుంది. ఊళ్లో తిరగడానికి దీని తర్వాతే ఏదైనా. కానీ ఒక్క నిప్పురవ్వ పడిందా, రూపాయంత కన్నం."

రెండోది నడుము దాకా ఉన్న మైనపు కోటు, గోధుమ రంగు. మూడోది తొడల దాకా వచ్చే ముదురు ఆకుపచ్చది. దాన్ని నిలబెడితే తనంతట తానే నిలబడేలా ఉంది.

"ఈ రెండూ నూలువే. నేత బాగా దగ్గరగా ఉంటుంది, దాని మీద మైనం పట్టిస్తారు. రవ్వ పడితే మచ్చ పడుతుంది, కన్నం పడదు. అలాగని మంటలో కూర్చోకూడదు, మైనం మైనమే. సబ్బు పెట్టి ఉతకకూడదు, చల్లటి తడిగుడ్డతో తుడవాలి. ఏడాదికోసారి మళ్లీ మైనం రాయాలి. మోచేతుల దగ్గర, భుజాల దగ్గర ముందు అరుగుతుంది. ఇంకోటి, ఇది వేసుకుని ఎవరి సోఫాలో కూర్చున్నా వాళ్లు మిమ్మల్ని మళ్లీ పిలవరు. మరక పడుతుంది."

అక్క అప్పటికే కుట్లు తిప్పి చూస్తోంది. లోపలి అస్తరు లాగింది, జేబు అంచులో గోరు పెట్టి నొక్కింది, కాలరు మడత విప్పింది. "జేబు కుట్టు ఒకటే వరస" అంది.

"రెండు వరసలమ్మా. రెండోది లోపలుంది."

అక్క లోపలికి చూసి జేబు మడత మూసేసింది. ఒప్పుకున్నట్టే.

"ఏది కావాలమ్మా?" కొట్టాయన ఈసారి ఆమెనే అడిగాడు.

"ఏదైనా ఫర్వాలేదు."

"ఏ రంగు ఇష్టం?"

"ఏదైనా."

కొట్టాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏదైనా అనే కోటు నా దగ్గర లేదమ్మా. ఇది పదిహేనేళ్లు ఒంటి మీద ఉండే సరుకు. నచ్చనిది అంటగడితే రోజూ ఒకసారి నన్ను తిట్టుకుంటారు. పదిహేనేళ్ల తిట్లు నేను మొయ్యలేను." వెనక తలుపు తెరిచాడు. బయట చిన్న పెరడు, చుట్టూ ఎత్తు గోడలు, మధ్యలో ఖాళీ పీపాలు. పొద్దుటినుంచి పడుతున్న వాన నిదానంగా పడుతూనే ఉంది. "వేసుకుని వానలో పది నిమిషాలు నిలబడండి. ఒక్కోదానికీ పది. మోకాళ్ల మీద కూర్చోండి, చేతులెత్తండి. నాకేం తొందర లేదు."

*

ఆమె ముందు గోధుమ రంగు కోటు వేసుకుని పెరట్లోకి దిగింది. అక్క గుమ్మంలో నిలబడింది. కొట్టాయన లోపలికి వెళ్లి ఏదో సర్దుకుంటున్నాడు.

వాన చుక్కలు భుజాల మీద పడి, ముత్యాల్లా నిలిచి, జారిపోతున్నాయి. ఆమె వాటిని చూస్తూ నిలబడింది.

"ఒక్క మాట అడుగుతాను" అంది అక్క. "ఆ రోజు ఫోన్లో నన్ను గుర్తుపట్టారా?"

"పట్టాను."

"ఎప్పుడు?"

"మొదటి మాటకే. నువ్వు నన్ను చిన్నీ అనకముందే."

అక్క చెయ్యి తలుపు చెక్క మీద బిగిసింది. "మరి చిరునామా ఎందుకడిగారు? మనిల్లు మీకు తెలీదా?"

"తెలుసు. అయినా అడగాలి. ఫోన్ చేసినవాళ్లు తమ నోటితో చెప్పాలి. తెలిసిన ఇల్లే అనుకుని పక్క వీధికి బండి పంపినవాళ్లున్నారు." ఆగింది. ఇంకా ఏదో చెప్పాలని తెలుస్తోంది, అదేమిటో వెతుక్కుంటున్నట్టు పీపాల వైపు చూసింది. "ఆ రోజు నిన్ను 'నువ్వు' అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదక్కా. నొక్కమని చెప్పగలిగేదాన్నో లేదో. అప్పుడు అలా ఆలోచించి చేశానని కూడా చెప్పను. నోరు దానంతటదే అంది. ఇప్పటికీ అదే అంటోంది. నాకు బాధగా ఉందని నీకు చెప్పాలనుంది. కానీ లేదు. ఉంటే చెప్పేదాన్ని."

పంచాయతీలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పింది. అక్క ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకుంది. అక్క రెండూ చేయలేదు. చాలాసేపు ఆమె చేతుల వైపే చూసింది. తర్వాత చెప్పులు తడుస్తున్నాయని కూడా చూసుకోకుండా పెరట్లోకి దిగి, ఆమె మణికట్టు దగ్గర కోటు చెయ్యి పట్టుకుంది.

"చెయ్యి పైకెత్తు. ఇంకా. తాడు కడుతున్నట్టు ఎత్తు. చూడు, చంకలో పట్టేస్తోంది. నడుం దగ్గర మొత్తం పైకి లేచిపోతోంది. వీపు తడుస్తుంది నీకు. ఇది వద్దు."

'నీకు' అంది. అన్నాక అక్కకే తెలిసినట్టుంది, ఒక క్షణం ఆగింది. కానీ సర్దుకోలేదు, వెనక్కి తీసుకోలేదు. "విప్పు, రెండోది వేసుకో" అంది, బడిపిల్లకు కొలతలు తీస్తున్నట్టు.

ఆమె ఆ మాట విన్నది. మారిందని గమనించింది. లోపల ఏమైనా కదిలిందా అని చూసుకుంది. కదల్లేదు. అయినా మంచిదే అనుకుంది.

ముదురు ఆకుపచ్చ కోటు భుజాల మీద పడగానే ఆమె కొంచెం వంగింది. బరువుంది. కిందనుంచి కూడా తెరుచుకునే జిప్పు, దాని మీద గుండీల పట్టీ. కింది నుంచి జిప్పు కొంచెం తెరిచి గొంతుక్కూర్చుంది, ఇబ్బంది లేదు. లేచింది. అటూ ఇటూ నడిచింది. బట్ట చప్పుడు చేయలేదు. పది నిమిషాలూ అయ్యాక కూడా ఆమె లోపలికి రాలేదు.

"అదే గోధుమ రంగుదానికి ఒక సైజు పెద్దది చూద్దాం" అంది అక్క. "ఇది మరీ మోత. నువ్వేమో సన్నం. దుప్పటి కప్పుకున్నట్టుంది."

"ఇదే కావాలి."

అక్క తలెత్తి చూసింది. ఏడు నెలల్లో ఆమె నోట కావాలి అన్న మాట రావడం అదే మొదలు.

"ఎందుకు?"

"వేసుకుంటే వేసుకున్నట్టు తెలుస్తోంది."

*

చిక్కేమిటంటే, దానికీ చంకలో పట్టేస్తోంది, గోధుమ రంగుదానంత కాకపోయినా. విప్పి సరిచేస్తానంది అక్క. కొట్టాయన ముఖం మాడిపోయింది.

"మైనపు బట్టలో సూది దించితే ఆ కన్నం పూడదమ్మా. ప్రతి కన్నం నుంచీ నీళ్లొస్తాయి. నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను."

"ఇప్పుడున్న కుట్లు సూది లేకుండా వేశారా?"

"అవి ఫ్యాక్టరీలో..."

"ఫ్యాక్టరీలో ఉన్నదీ సూదే కదండీ. కన్నం పడితే మైనం రాసి వేడి తగిలిద్దాం. మీరు రాయమన్న మైనం అందుకే కదా."

కొట్టాయన గోడ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. తెరచాపలు కుట్టిన మనిషి, కుట్టు గురించి మాట పడటం అలవాటు లేనట్టుంది. చివరికి లోపలికి పోయి, పాడైన కోటు తాలూకు అరచేతిలో సగమంత ముక్కలు రెండు, లావు సూది ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మామూలు సూది విరుగుతుంది. దారం ఇది వాడండి. గుండుసూదులు గుచ్చొద్దు, క్లిప్పులు పెట్టుకోండి" అన్నాడు, ఓడిపోయినట్టు కాకుండా పని అప్పగిస్తున్నట్టు.

మర్నాడు మధ్యాహ్నం అక్క మిషన్లన్నీ ఆపించి, ఆ కోటు ముందేసుకుంది. ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని క్లిప్పులు అందించింది. అక్క చంక కుట్టు విప్పి, పలకలాంటి ముక్క అతికి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేసింది. కుట్టిన చోట ఇద్దరూ వేలితో మైనం రుద్దారు, తల ఆరబెట్టుకునే మిషనుతో వేడి గాలి పట్టారు. మైనం కరిగి బట్టలోకి ఇంకిపోతుంటే చూశారు. అమ్మ గురించి మాట్లాడుకోలేదు. మైనం గోళ్లలోంచి ఎలా వదిలించాలన్నదే వాళ్ల మధ్య నడిచిన పెద్ద చర్చ.

*

అడవిలో నాలుగు రోజుల్లో మూడు రోజులు వాన పడింది. బావతో పాటు ఆమె, ఒక బ్యాంకు గుమాస్తా, ఒక భార్యాభర్తల జంట. ఆమె చెప్పిన పని చేసింది. తాడు కట్టమంటే కట్టింది, కట్టెలు తెమ్మంటే తెచ్చింది. మిగతా సమయం టార్పాలిన్ కింద కూర్చుని నిప్పు చూసింది. కోటు మీద రెండు చోట్ల రవ్వలు పడి నల్లటి చుక్కలు మిగిలాయి. అందరూ అడవి ఎంత బాగుందో చెప్పుకుంటుంటే ఆమె తల ఊపింది. ఆమెకు అడవి అడవిలాగే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం గుమాస్తా గరిటె చెక్కుతూ కత్తి జార్చాడు. బొటనవేలి మొదట్లో లోతుగా తెగింది. నెత్తురు చూసి ముందు అతనే తెల్లబోయాడు. బావ కట్టెల కోసం దూరంగా ఉన్నాడు. ఆమె లేచి వెళ్లి అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని, శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా నొక్కి పట్టుకుని, అతని చెయ్యి పైకెత్తింది.

"నా వైపు చూడండి. ఊపిరి నిదానంగా తీసుకోండి. బాగా చేస్తున్నారు. నేను లైన్లోనే ఉన్నాను."

గుమాస్తా, "ఏ లైన్లో అండీ?" అన్నాడు.

ఆ జంట ఫక్కున నవ్వేశారు. నెత్తురోడుతున్న మనిషి కూడా నవ్వాడు. ఆమె మాత్రం గుడ్డ వైపే చూస్తోంది. ఆ గుడ్డ తడిసి, వెచ్చగా ఆమె వేళ్లకు తగులుతోంది. పంతొమ్మిదేళ్లలో ఎన్ని వేలమందికి ఎక్కడ నొక్కాలో చెప్పిందో లెక్క లేదు. తన చేత్తో ఎవరినీ నొక్కి ఎరగదు. నెత్తురు అంత వెచ్చగా ఉంటుందని ఆమెకు తెలియదు.

బావ వచ్చి కట్టు కట్టాడు. ఆసుపత్రి అవసరం లేదన్నాడు. ఆమె చేతులు కడుక్కోవడానికి వాగు దగ్గరికి వెళ్లింది. అక్కడ చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆపుదామంటే ఆగలేదు. నీళ్లలో పెట్టినా ఆగలేదు. కోటు జేబుల్లో దోపుకుని గట్టు మీద కూర్చుంది. బావ వచ్చి నాలుగడుగుల అవతల నిలబడ్డాడు.

"ఏమైందమ్మా?"

"చేతులు వణుకుతున్నాయి బావా."

"చలికా?"

"కాదనుకుంటా."

బావ అక్కడే ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. వణుకు తగ్గడానికి చాలాసేపే పట్టింది. ఆ రాత్రి భోజనం చేస్తూ ఆమె, ఉప్పు తక్కువైందని అంది.

*

సెలవు అయిపోయాక ఆమె కంట్రోల్ రూముకు తిరిగి వెళ్లింది, రోజుకు సగం పూట చొప్పున. మిగతా సగం పూట తనను బండి మీదికి పంపమని సూపర్‌వైజరును అడిగింది. ఈ వయసులో అంత శిక్షణ కష్టమన్నాడు. ఆమె రాతపూర్వకంగా మళ్లీ అడిగింది. ఆరు నెలల తర్వాత సహాయకురాలిగా తీసుకున్నారు. స్ట్రెచర్ ఎత్తినప్పుడల్లా నడుం నొప్పని అక్క దగ్గర సణుగుతుంది. ఎవరు వెళ్లమన్నారు నిన్ను అంటుంది అక్క.

అమ్మ కోసం ఏడుపు ఇంతవరకూ రాలేదు. దానికోసం ఎదురుచూడటం ఆమె మానేసింది. డాక్టరు అడిగినప్పుడు, కొన్ని రోజులు తెలుస్తోంది, కొన్ని రోజులు తెలియడం లేదు అని ఉన్నదున్నట్టు చెబుతుంది.

రెండో ఏడు వానాకాలంలో బావ మకాముకు అక్క కూడా బయల్దేరింది. నేల మీద పడుకోవడం తన వల్ల కాదని దారి పొడవునా అంటూనే వచ్చింది. తీరా చూస్తే అందరికంటే ముందు నిద్రపోయింది. పొద్దున్నే ఆమె లేచి, తడి కట్టెలు ఎగదోసి నీళ్లు కాచి, రెండు గ్లాసుల్లో టీ పోసి అక్క పక్కన కూర్చుంది.

"అక్కా, లే. చల్లారిపోతుంది."

"ఇంకాసేపు" అంది అక్క, కళ్లు తెరవకుండా.

ఆమె అక్క గ్లాసు మీద మూత పెట్టి, తన టీ తాగసాగింది.